వదినలో ఏం నచ్చుతదంటే

ఈ రోజు కనేరి అనే కార్మికుల బస్తీలో ఒక పవర్‌లూమ్ కార్మికుడి ఇంటికి వెళ్లాను. దాంపత్యం, శృంగారం మీద మా మేడమ్ చేస్తున్న పరిశోధనకు నేను విద్యార్థి సహాయకుణ్ణి. భర్తలను ఒంటరిగా కూర్చోబెట్టి ప్రశ్నలడగడం నా పని. పడకగది ప్రశ్నలకు ఆ అన్న తడుముకోకుండా జవాబులిచ్చాడు. "వదినలో నీకేం నచ్చుతది?" అనగానే మాత్రం సిగ్గుతో తల దించుకున్నాడు. తర్వాత పది నిమిషాలు ఆపకుండా చెప్పాడు.

బయటికి రాగానే వదిన అడ్డం నిలబడింది.

"నా గురించి ఏం చెప్పిండు తమ్మీ?"

"చెప్పొద్దు వదినా, మాకు రూల్ ఉంది."

"రూల్ నీకు. ఆయనకేం లేదు గదా!" అని లోపలికి వెళ్లి తలుపేసుకుంది. నేను మెట్లు దిగుతుంటే ఇద్దరి నవ్వూ వినిపించింది.

పరిశోధకుడు తాను చూస్తున్నదాన్ని మార్చకూడదని మేడమ్ చెబుతుంటారు. ఇవాళ నేను కొంచెం మార్చినట్టున్నాను. మీ ఇంట్లో ఆ ప్రశ్న ఎవరైనా అడిగారా?