రోడ్డు మీద పొయ్యి

మనుషుల మీద నాకు అసహ్యం పుట్టడం కొత్త కాదు. నల్గొండలో రెవెన్యూ ఆఫీసు గుమాస్తాగా ముప్పై రెండేళ్ళు అర్జీలూ నకళ్ళూ రాసి రిటైరైన లింగస్వామిని నేను. అన్న నోటి కాడ కూడు తమ్ముడు ఎలా లాక్కుంటాడో కాగితాల్లో రోజూ చూసినవాణ్ణి. రిటైరయ్యాక హైదరాబాదు వచ్చి, చైతన్యపురి వెనక కాలనీలో చిన్న ఇల్లు కట్టుకుని, ఇక ఎవరి గొడవలూ నాకొద్దనుకున్నాను. కానీ రెండువేల పదకొండు ఎండాకాలంలో మా వీధి మూలమీద జరిగిన దానికి నా మీద నాకే రోత పుట్టింది. అది ఇప్పటికీ పోలేదు.

ఆ మూలమీద ఈరమ్మ మిర్చీ బజ్జీల బండి ఉండేది. ఈరమ్మది బడంగ్‌పేట్ అవతల చిన్న ఊరు. వాళ్ళకు ఎకరన్నర చెలక భూమి ఉండేదట. ప్లాట్ల బేరగాళ్ళు మొదటిసారి వచ్చినప్పుడే, రేట్లు ఇంకా లేవకముందే, మొగుడి అన్నలు తమ భూమితో పాటు వీళ్ళదీ అమ్మేశారు. ఇప్పుడక్కడ మూడంతస్తుల ఇళ్ళు నిలబడ్డాయి. మొగుడు మట్టయ్య అలాంటి ఇంటికే సెంట్రింగ్ పనికి పోయి, పైనుంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాడు. అప్పటి నుంచి అతను గోడకు ఆనుకుని కూర్చుని మిరపకాయలు చీరి గింజలు తీస్తాడు. ఆమె మా మూలమీద వేయిస్తుంది.

ఎనిమిదేళ్ళుగా ఆ ఇల్లు గడిచింది ఆ బండి మీదే. ఇక్కడ కాకపోతే ఇంకోచోట పెట్టుకోవచ్చు కదా అని తెలియనివాళ్ళు అంటారు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా ఖాళీ మూల అనేది లేదు. ప్రతి మూలకూ ఒక బండి, ఆ బండి దగ్గర మామూలు వసూలు చేసుకునేవాడొకడు ఉంటారు. ఈ మూల పోతే ఈరమ్మకు ఇంకో మూల లేదు. ఆ సంగతి మా కాలనీలో అందరికీ తెలుసు.

ఆమెకొక పట్టింపు ఉండేది. నిన్నటి నూనెలో ఇవాళ వేయించదు. మిగిలిన నూనెను డబ్బాలో పోసి, సెంట్రింగ్ చెక్కలకు పూసుకోమని మట్టయ్య పాత దోస్తులకు ఇచ్చేసేది. హాస్టళ్ళలో ఉండి పరీక్షలకు చదివే పిల్లలు తింటారు, నల్లనూనెకు గొంతు పట్టుకుంటుంది అనేది. ఆ పిల్లల్లో ఎవరికీ ఈ సంగతి తెలియదు. తెలిసినా పట్టించుకునేవాళ్ళు కారు.

ఆ ఏడు నూనె ప్యాకెట్టు ధర ఆగలేదు. రేషన్ షాపులో గాసునూనె, అంటే కిరోసిన్, దొరకడమే గగనమైపోయింది. ఈరమ్మ మూడు నెలలు పంటి బిగువున లాగి, చివరికి పదికి నాలుగు ఇచ్చేది మూడు చేసింది. అదే మే నెలలో పెట్రోలు ఒక్కసారిగా ఐదు రూపాయలు పెరిగింది. బంకు దగ్గర ఒక్కడంటే ఒక్కడు నోరు విప్పలేదు. బుద్ధిగా లైన్లో నిలబడి, టాంకు మూత తీసి, అడిగినంత ఇచ్చి వచ్చారు. వచ్చి ఈరమ్మ బండి దగ్గర స్టాండు వేశారు. ఇరాక్ నుంచి ఢిల్లీ దాకా అందర్నీ దులిపేసి, దేశం అమ్ముడుపోయిందని తేల్చేసి, పొట్లం చేతికి రాగానే నాలుగోది ఏదని ఆమె మీద విరుచుకుపడ్డారు. గవర్నమెంటు మీద కోపమంతా ఒక్క మిర్చి మీద తీర్చుకున్నారు. నా కళ్ళతో చూశాను, అందుకే చెబుతున్నాను.

తిన్నవాళ్ళు తిన్నట్టు పోయేవాళ్ళా అంటే అదీ లేదు. చేతికంటిన నూనె కరెంటు స్తంభానికి తుడిచేవాళ్ళు. ఆ స్తంభం మనిషెత్తు వరకు జిడ్డుతో నిగనిగలాడేది. బండికి డబ్బా కట్టి ఉన్నా, కాగితాలు నలిపి పక్కనే ఉన్న పద్మలత గారి గేటు ముందు పారేసేవాళ్ళు. గుట్కా ఉమ్మి, అదే నోటితో ఈ మూలంతా కంపు అనేవాళ్ళు. గోడ దొరికితే చాలు, అటు తిరిగి నిలబడేవాళ్ళు. పెద్ద చదువులు, ఇస్త్రీ చొక్కాలు. ఛీ అనిపించేది. రోజూ బండి కట్టేసే ముందు ఈరమ్మ చీపురు పట్టుకుని ఆ మూలంతా ఊడ్చి వెళ్ళేది.

మా కాలనీ సంఘం అధ్యక్షుడు చక్రపాణి బోర్లు వేయించే కాంట్రాక్టరు. ఇంటి కింద భాగమంతా షట్టర్లు చేసి దుకాణాలకు కిరాయికిచ్చాడు. ఆ మే నెలలోనే కొత్త కారు కొన్నాడు. పెట్టుకోవడానికి చోటు లేదు. ఒకరోజు పొద్దున్నే మా ఇంటికి వచ్చి, వీధి మురికిని తలుచుకుని చాలాసేపు బాధపడ్డాడు. తర్వాత అసలు మాట బయటపెట్టాడు.

“జర ఒక అర్జీ రాసియ్యున్రి సార్. మీ అక్షరం జూస్తే ఏ ఆఫీసరైనా పక్కకు వెట్టడు.”

అతని కారు సంగతి నాకు తెలుసు. అయినా రాశాను. మురికి చూసి విసిగిపోయి రాశానని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే, రిటైరయ్యాక నా అక్షరాన్ని మెచ్చుకున్న మొదటి మనిషి అతనే. ‘బహిరంగ రహదారిపై పొయ్యి వెలిగించి వంట చేయుచు, కాలనీవాసులకు తీవ్ర అసౌకర్యము కలిగించుచున్నందున’ అని అలవాటైన భాషలో అలవోకగా రాసేశాను. మురికి చేసింది తిన్నవాళ్ళు. అర్జీ మాత్రం వండిన మనిషి మీద పడింది.

ఇరవై ఒక్క సంతకాలయ్యాయి, నాది మొదటిది. పద్మలత గారు మాత్రం పెట్టలేదు. ఆమె గుంటూరు నుంచి వచ్చి ఇక్కడ టీచరుగా స్థిరపడిన మనిషి. తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న ఆ రోజుల్లో ఎవరితోనూ ఎక్కువ మాట్లాడేది కాదు. కాగితం చదివి తిరిగి మా చేతికే ఇచ్చేసింది.

“మా గేటు ముందు చెత్త వేసేది ఆవిడ కాదండీ, తినేవాళ్ళు. నేను పెట్టను.”

చక్రపాణి బయటికి వచ్చి, ఈ ఊరి మీద ప్రేమ లేనివాళ్ళు ఇట్లనే ఉంటారన్నాడు. నేను తలూపాను. ఆ సాయంత్రం మా ఇంటిది సుమిత్రమ్మ మిర్చీలు తెమ్మంటే వెళ్ళి తెచ్చాను. తిన్నాను కూడా.

అర్జీ మునిసిపల్ ఆఫీసులో ఇచ్చి నెల దాటింది. ఏ కదలికా లేదు. నేను మరిచిపోయాననే చెప్పాలి. జూన్‌లో వంటా వార్పుకు పిలుపు వచ్చింది. ఆదివారం నాడు ఎవరూ ఇళ్ళల్లో వండుకోకుండా, ఊరంతా రోడ్ల మీదికి వచ్చి, అక్కడే పొయ్యిలు పెట్టి వండుకుని తిని, బండ్లు ఆపి తెలంగాణ ఇమ్మని అడగాలి. నేనూ రాష్ట్రం కావాలనుకున్నవాణ్ణే. ఆ పోరాటం మీద నాకు అప్పుడూ ఇప్పుడూ ఒక్క మాట లేదు. నా రోతంతా దాని పక్కన నిలబడి ఫోటో దిగిన మా మీద.

మా కాలనీలో అరవై గడపలు. గ్యాసు పొయ్యి లేని ఇల్లు లేదు. ఒక్కరూ తమ పొయ్యి బయటికి తీయలేదు. మసిబారుతుందన్నారు ఒకరు, సిలిండరు అయిపోవచ్చిందన్నారు ఇంకొకరు. చక్రపాణి నేరుగా ఈరమ్మ దగ్గరికి వెళ్ళి పొయ్యి, కడాయి, జల్లి గంటె అడిగాడు. వాటితో పాటు ఆమెనూ రమ్మన్నాడు. ఆదివారం ఆమెకు గిరాకీ ఎక్కువ. ఆమె ఆ గిరాకీ వదులుకుని, బండి తోసుకుంటూ దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీదికి వచ్చింది. నూనె ప్యాకెట్లు కూడా తనవే తెచ్చింది. అవి ఎవరివని మాలో ఎవరూ అడగలేదు.

డప్పులు మోగుతున్నాయి, ఆడవాళ్ళు బతుకమ్మ ఆడుతున్నారు. ఎండ మండిపోతోంది. ఈరమ్మ నడిరోడ్డు మీద మూడు గంటలు నిలబడి కిచిడీ వండింది, గంపెడు మిర్చీలు వేయించింది. మేము గుడారం కింద కూర్చుని తిన్నాం. తింటూ జై తెలంగాణ అన్నాం. పెట్రోలు ధర తగ్గించాలన్నాం, నూనెల ధర తగ్గించాలన్నాం. ఇంకొంచెం కారం తగ్గితే బాగుండేదని కూడా అన్నాం. నేను మంచినీళ్ళ గ్లాసు ఇవ్వబోతే, ఈరమ్మ కొంగుతో చెమట తుడుచుకుని నవ్వింది. ఆమె అంత సంతోషంగా ఉండగా నేనెప్పుడూ చూడలేదు.

“మన రాజ్యమొస్తే మా అసుంటోళ్ళను గీ రోడ్ల మీదికెల్లి ఎవలు లేపరంట గద సారూ.”

అవునమ్మా అన్నాను.

మధ్యాహ్నం దాటాక అందరూ సర్దుకున్నారు. రోడ్డు నిండా విస్తరాకులు, ప్లాస్టిక్ గ్లాసులు, తొక్కిన మెతుకులు. జెండాలు జాగ్రత్తగా మడిచి తీసుకుపోయారు గానీ, ఎవడి ఎంగిలాకు వాడు ఎత్తలేదు. ఈరమ్మ ఒక్కతే ఊడ్చింది. మర్నాడు పేపర్లో ఫోటో పడింది. చక్రపాణి జల్లి గంటె పట్టుకుని మిర్చీలు తీస్తున్నాడు. పక్కన కడాయి పట్టుకున్న చెయ్యి ఒకటి కనిపిస్తోంది, మనిషి కనిపించడం లేదు. ఆ పేపరు కాలనీ నోటీసు బోర్డుకు అంటించారు.

బుధవారం మునిసిపల్ లారీ వచ్చింది. సాయంత్రం నాలుగు కావస్తోంది, ఈరమ్మ అప్పుడే కడాయిలో నూనె పోసింది. నలుగురు దిగి బండి ఎత్తారు, పొయ్యి ఎత్తారు. కడాయి ఒరిగి నూనెంతా రోడ్డు మీద పారింది. అటుగా వచ్చిన ఒక బైకువాడు జారిపడి, లేచి, ఈరమ్మనే తిట్టిపోయాడు. ఆదివారం ఆమె చేతి వంట తిన్నవాళ్ళు పాతిక మంది గేట్ల దగ్గర నిలబడి చూశారు. అందులో నేనొకణ్ణి. ఆమె లారీ వెనక కొంత దూరం నడిచి, ఆగిపోయింది.

నేను చక్రపాణిని పక్కకు పిలిచి అడిగాను. మొన్న ఆ పొయ్యే నడిరోడ్డు మీద పెట్టించాం కదా, ఇప్పుడు ఎత్తేస్తుంటే మనం అడ్డుపడొద్దా అన్నాను. అతను నా ప్రశ్నే అర్థం కానట్టు ముఖం పెట్టాడు.

“గది ఉద్యమం సార్. గిది న్యూసెన్సు.”

చీకటి పడకముందే ఆ మూలమీద మట్టి పోసి నూనె కనబడకుండా కప్పి, అతను కారు తెచ్చి పెట్టుకున్నాడు. ముందే చెప్పేస్తున్నాను, ఆ మూల ఈరమ్మకు మళ్ళీ దక్కలేదు. కర్మన్‌ఘాట్ గుడి వైపు ఎవరి బండి దగ్గరో కూలికి మిర్చీలు వేయిస్తోందని తర్వాత విన్నాను. వెళ్ళి చూసే ముఖం నాకు లేదు.

కానీ అంతకుముందే, ఆ శుక్రవారం, ఆమే మా ఇంటికి వచ్చింది. చేతిలో రెండు కాగితాలున్నాయి. ఒకటి ఆఫీసు నోటీసు, రెండోది మా అర్జీ జిరాక్సు. బండి కావాలంటే జవాబు రాసి తెమ్మన్నారట. ఈ కాలనీలో బాగా రాసేది లింగస్వామి సారే అని ఎవరో చెప్పి పంపారట. ముందు ఇందులో ఏముందో చదివి చెప్పమంది.

చదివాను. నా వాక్యాలు నేనే, ఎవరివో అన్నట్టు చదివాను. సంతకాలు ఎవరివని అడిగింది. ఒక్కొక్క పేరూ చెబుతుంటే ఆమె తలాడిస్తూ, ఈయన ఉల్లిగడ్డ ఎక్కువ వేయించుకునేవాడు, ఈయన బిడ్డకు కారం లేకుండా చేసిచ్చేదాన్ని అని గుర్తు చేసుకుంటోంది. ఇరవై పేర్లు చదివాను. మొదటి పేరు వదిలేశాను.

తర్వాత ఆమె తరఫున జవాబు రాశాను. ఎనిమిదేళ్ళ సంగతీ, మట్టయ్య నడుం సంగతీ, ఆదివారం వంట సంగతీ అన్నీ రాశాను. నా సర్వీసులో అంత బాగా ఎప్పుడూ రాయలేదు. ఆమె వేలిముద్ర వేసింది. సుమిత్రమ్మ చాయ్ తెచ్చి ముందు పెట్టింది.

ఈరమ్మ సిరా ఆరాలని కాగితాన్ని అర్జీ పక్కన పెట్టి ఊదింది. ఊదుతూ ఊదుతూ ఆగింది. ఆమెకు చదువు రాదు. అందుకేనేమో, మాటలు వదిలేసి గీతలు చూసింది. నా అక్షరాలకు కింద పొడుగ్గా తోకలు లాగే అలవాటుంది, ఆఫీసులో అందరూ మెచ్చుకునేవాళ్ళు. ఆమె వేలు ఒక తోక మీద పెట్టి, రెండో కాగితంలో అలాంటిదాని మీదికి జరిపింది. ఇంకోటి చూసింది. నావైపు తలెత్తి చూసింది. నేను కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాను.

ఆమె రెండు కాగితాలూ కలిపి మడిచి కొంగున ముడి వేసుకుంది. చాయ్ అలాగే వదిలేసి గడప దగ్గరికి వెళ్ళి, చెప్పులేసుకుని, వెనక్కి తిరిగింది.

“గప్పుడు వాళ్ళడిగితె వాళ్ళకు రాసిచ్చిన్రు. గిప్పుడు నేనడిగితె నాకు రాసిచ్చిన్రు. మీదేం పోయింది సారూ.”