ఆదివారం వేట

డాక్టరమ్మ పోయారని ఆవిడ కూతురు ఫోన్ చేసి చెప్పినప్పుడు నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట, "గుర్రం మీంచి పడ్డారా?"

"కాదు అంకుల్. స్ట్రోక్. కిచెన్‌లో టీ పెట్టుకుంటోంది... అంతే."

దుఃఖం కన్నా ముందు అనుమానం వచ్చింది నాకు. నా సంగతి ఈ పత్రిక చదివేవాళ్ళకు కొత్త కాదు.

ఫార్మింగ్టన్ హిల్స్‌లో మా వీధిలోనే, మూడిళ్ళ అవతల ఉండేవారావిడ. పిల్లల డాక్టరు. మాకు తెలిసిన తెలుగు పిల్లల్లో సగం మందికి మొదటి టీకా ఆవిడ చేతి మీదుగానే పడింది. నలభై దాటాక గుర్రపుస్వారీ నేర్చుకుని, గంట దూరంలో ఉన్న ఒక నక్కల వేట క్లబ్బులో చేరారు. ముందు కుక్కల గుంపు వాసన పట్టుకుని పరుగెడుతుంది, వెనక గుర్రాల మీద మనుషులు.

ఆ సంగతి మాకు తెలిసిన తీరు చెబితే నవ్వుతారు. వీధికి కొత్తగా వచ్చాం. ఒకరోజు ఆవిడ మా ఆవిడతో, "ఆదివారం వేట ఉందండీ, పొద్దున్నే రండి, పొలం అడ్రస్ పంపిస్తాను" అన్నారు. మాది గోదావరి జిల్లా. మాకు వేట అంటే మేకపోతు. పైగా పొలం అన్నారు. నలుగురూ కలిసి పోతును కోయించి వాటాలు వేసుకుంటున్నారనుకున్నాం. ఇక్కడ అమెరికాలో మనవాళ్ళు చేసే పనే. ఐస్ వేసిన కూలర్, రెండు స్టీలు గిన్నెలు కార్లో పెట్టుకుని, తొడ ముక్క ఎలా అడగాలా అని మాట్లాడుకుంటూ వెళ్ళాం. అక్కడ చూస్తే పాతిక ముప్ఫై గుర్రాలు, మొరుగుతున్న కుక్కలు, ఎర్ర కోట్ల తెల్లవాళ్ళు. మధ్యలో నల్ల కోటుతో మన డాక్టరమ్మ.

"గిన్నెలెందుకండీ?" గుర్రం మీంచి వంగి అడిగారు. మా ఆవిడ ఉన్నమాట చెప్పేసింది. ఆవిడ నవ్వి నవ్వి జీను మీదికి వాలిపోయారు. "అయ్యో, మా వేటలో వాటాలుండవండీ!"

మా ఆవిడా నవ్వింది. నేను నవ్వలేదు.

కార్ల కంపెనీలు ఉద్యోగాలు తీసేసి, మనవాళ్ళ చేతికి అట్టపెట్టెలిచ్చి బయటికి పంపుతున్న రోజులవి. నేనూ ఒక పెట్టె మోసుకుంటూ ఇంటికొచ్చినవాణ్ణే. అలాంటి ఏడాది, మనల్ని ఏలిన దొరల ఆటను, ఆ దొరల కోటే తొడుక్కుని మన మనిషి ఆడటమా? ఎవరి పక్కన చేరాలని? నక్కను చంపరు, ఊరికే తరుముతారు అన్నారెవరో. అన్ని కుక్కలు ఊరికే తిరిగొస్తాయా? నేను నమ్మలేదు. ఈ పత్రికలోనే రాశాను. పేరు పెట్టలేదు, పెట్టనక్కర్లేకపోయింది. "ఆదివారం నక్కను చీల్పించిన చేతులు సోమవారం మన పిల్లలకు టీకాలు వేస్తాయి" అన్న వాక్యం అప్పట్లో నాకు చాలా నచ్చింది.

నచ్చింది నాకొక్కడికే కాదు. నెల తిరక్కుండా నలుగురైదుగురు తల్లులు పిల్లల్ని వేరే డాక్టరుకు మార్చారు.

ఒక సాయంత్రం ఆవిడే పత్రిక పట్టుకుని మా ఇంటికొచ్చారు. తిడతారనుకుని నేనూ సిద్ధంగా ఉన్నాను.

"తెలుగు బాగుందండీ," అన్నారు సోఫాలో కూర్చుంటూ. "కాకపోతే మీరు రాశారు గానీ, అడగలేదు."

"అడిగితే నిజం చెప్పేవారా?"

"అడిగి చూడండి."

"నక్కలు చస్తాయా, చావవా?"

"నేను చేరిన దగ్గర్నుంచీ రెండు చచ్చాయి. రెండూ నా కళ్ళముందే. మొదటిసారి రెండ్రోజులు అన్నం సయించలేదు. మిగతావన్నీ బొరియల్లో దూరాయి. దూరాక మేం వెనక్కి తిరగాల్సిందే. అది రూల్."

ఒక్కటీ చావలేదంటారనుకున్నాను. అలా అనుంటే నా పని సులువయ్యేది. మాట మార్చి, "ఆ ఎర్ర కోట్లు..." అని అందుకున్నాను.

"మీ ఎర్రజెండా రంగే కదండీ! మీ పార్టీవాళ్ళనుకుని వెళ్ళి షేక్‌హ్యాండ్ ఇవ్వండి."

వంటింట్లోంచి మా ఆవిడ నవ్వు వినిపించింది.

"వచ్చే ఆదివారం రండి," అన్నారు లేస్తూ. "గిన్నెలు వద్దు."

వెళ్ళాను, తప్పు పట్టడానికే. వేట వెంట రోడ్డు మీద కార్లలో వచ్చేవాళ్ళుంటారు. నన్ను వాళ్ళలో చేర్చారు. మంచు కరిగి నేలంతా చిత్తడిగా ఉంది. డాక్టరమ్మ మొదటి కంచె బాగానే దూకారు. రెండో కంచె ముందు గుర్రం టక్కున ఆగింది, ఆవిడ దాని మెడ మీంచి జారి బురదలో పడ్డారు. నేను కారు దిగేలోపే లేచారు. మోకాళ్ళు సహకరించక, ఒక చెట్టు మొద్దు దగ్గరికి గుర్రాన్ని నడిపించుకెళ్ళి, ఆ మొద్దు మీద నిలబడి ఎక్కారు. "తప్పు గుర్రానిది కాదండీ," అని అరిచారు నా వైపు. "మన భయం పగ్గాల్లోంచి దిగి దాని నోట్లోకి పోతుంది. దానికి అబద్ధం చెప్పలేం!" అదే కంచెను మళ్ళీ దూకించారు.

తర్వాత అడవి అంచున అందరూ కదలకుండా నిలబడ్డారు. గుర్రాల చెవులన్నీ ఒకేసారి ఒకే వైపు తిరిగాయి. అప్పుడు వినిపించింది, దూరంగా చెట్లలోంచి కుక్కల గోల. ఒప్పుకోవడం ఇష్టం లేదు గానీ, నా ఒళ్ళు కూడా జలదరించింది. నక్క మా కారు ముందే రోడ్డు దాటింది. పెద్ద తొందరేమీ లేదు దానికి. ఒకసారి వెనక్కి చూసుకుని, రాళ్ళగుట్ట కింద దూరిపోయింది. కుక్కలొచ్చి గుట్టను చుట్టుముట్టాయి. ఎర్ర కోటాయన బూర ఊది వాటిని వెనక్కి పిలిచాడు. అంతే, అందరూ తిరుగుముఖం పట్టారు.

"చూశారా?" అన్నారావిడ, చెంప మీద ఎండిపోయిన బురదతో.

"ఇది నా కోసం ఆడిన నాటకం కాదని ఏమిటి నమ్మకం?"

"నక్కక్కూడా రిహార్సల్స్ చేయించామంటారా?"

ఆ తర్వాత ఏళ్ళ తరబడి ఆదివారం మధ్యాహ్నాలు ఫోన్ వచ్చేది: "నక్క తోక తొక్కొచ్చానండీ, టీకి రండి." బూట్లు వాకిట్లోనే విప్పేసి, సాక్సులతో, కుంటుతూ తలుపు తీసేవారు. నేను వాదన మొదలుపెట్టేవాణ్ణి. "పట్టుకోవాలనే వెళ్తే అది వేట కాదండీ, షాపింగ్," అనేవారు. నన్ను మంచి చేసుకోవడానికే ఈ టీ అనుకునేవాణ్ణి మొదట్లో. ఏం ఆశించి? నా వాక్యాన్ని సవరించమని ఒక్కసారీ అడగలేదు. నేనూ సవరించలేదు. సవరిస్తే లొంగిపోయాడంటారని ఒక నెల, ఆ గొడవ అందరూ మర్చిపోయారులే అని ఇంకో నెల. వెళ్ళిపోయిన తల్లులు మర్చిపోలేదు. ఒక్కరూ తిరిగి రాలేదు.

ఆ వేట మీద, ఆ కోట్ల వెనక చరిత్ర మీద నా మాట మారలేదు. నక్క ఒప్పుకుని ఆడే ఆట కాదిది. ఆవిడ ఉంటే ఈ ఆదివారమూ వాదించేవాణ్ణి. కానీ ఆ చేతుల గురించి రాసిన వాక్యం తప్పు. అడక్కుండా రాశాను. దాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. ఆవిడ చదవగలిగినప్పుడు చేయాల్సిన పని ఇది.

అంత్యక్రియలయ్యాక కూతురు నా దగ్గరికొచ్చి, "అంకుల్, అమ్మ గుర్రాన్ని చూడాలి. మీరు వస్తారా? నాకు వాడంటే స్కేరీ," అంది. గుర్రపుశాలలో నా చేతికి కారెట్ ఇచ్చి, దూరంగా నిలబడింది. "చెయ్యి ఫ్లాట్‌గా పెట్టండి అంకుల్. ఫింగర్స్ కొరుకుతాడు."

అరచెయ్యి చాచాను. గుర్రం చెవులు వెనక్కి పెట్టి, ఒక కంటితో నన్ను చూసింది. నా వేళ్ళ వాసన చూసి, వేడిగా ఊపిరి వదిలి, తల పక్కకు తిప్పుకుంది. నా భుజం మీంచి తలుపు వైపు చూస్తూ చెవులు ముందుకు నిక్కించింది. నేను చెయ్యి దించలేదు.