ఎల్లేశం దిద్దిన టైము

కోరుట్లలో మా జిరాక్స్ దుకాణం పక్కనే ఎల్లేశం నెట్ సెంటర్. మనిషి మంచోడే గానీ, బాగున్న వస్తువును కూడా బాగు చేయందే నిద్రపోడు. సకల జనుల సమ్మె రోజులు. కరెంటు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో దేవుడికే ఎరుక. అది చాలదన్నట్టు, మూలనున్న సిస్టంలో టైము ఉన్నట్టుండి గంటన్నర వెనక్కి దూకడం మొదలుపెట్టింది.

ఎల్లేశం లోపలి సెల్లు మార్చాడు. వైరస్ అన్నాడు, మొత్తం తుడిచి మళ్లీ ఎక్కించాడు. నిమ్మకాయ కూడా కట్టాడు. శుక్రవారం రాగానే టైము మళ్లీ దూకేది.

శుక్రవారం ఆ సిస్టం ముందు కూర్చునేది బీడీలు చుట్టే అక్షిత. పెనిమిటి కరుణాకర్ దుబాయిలో ఉన్నాడు. తాను పోయాక పుట్టిన బిడ్డ ముఖం ఇంకా చూడలేదు. కిందటి రెండు శుక్రవారాలూ సరిగ్గా ఆ వేళకే కరెంటు పోయింది. ఆ రోజు మాత్రం ఉంది. అక్కడి రెండింటికి వీడియో కాల్‌లోకి వస్తానన్నాడట. ఈలోగా పిల్ల ఏడిస్తే, పాలివ్వడానికి అక్షిత మా దుకాణం వెనకున్న ఇంట్లోకి వెళ్లింది.

ఇదే సందనుకుని ఎల్లేశం టైము దిద్దాడు. ఆమె తిరిగొచ్చి చూస్తే తెర మీద మూడుంబావు దాటింది. ముఖం మాడిపోయింది.

"నాకు కునుకు వట్టినట్టుంది అన్నా. ఆయన అచ్చి పోయిండు," అంటూ పిల్లను భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

కాసేపటికి సిస్టం మోగింది. ఎల్లేశం ఎత్తాడు. కరుణాకర్!

"అన్నా, అక్షిత రాలేదా?"

"గిప్పుడే పాయె. నువ్వు అచ్చి పోయినవన్నది గద?"

"నేనెక్కడచ్చిన? గీడ రెండైంది, గిప్పుడే బ్రేకు. మీకంటే గంటన్నర ఎనక గద! సిస్టంల దుబాయి టైము వెట్టుకొమ్మని నేనే నేర్పిన."

పక్క నుంచి వింటున్న నాకు ఒళ్లు మండింది. "బాగున్నదాన్ని బాగు జేసెటోడా! ఉరుకు, తోల్కరా!" అని అరిచాను.

బస్టాండు దగ్గర రాస్తారోకో. బండి కదలనివ్వలేదు. జై తెలంగాణ అని అరిచి, బండి అక్కడే పడేసి ఉరికాడు మహానుభావుడు.

అక్షిత రొప్పుతూ వచ్చేసరికి కరుణాకర్ పని టోపీ పెట్టుకుని లేవబోతున్నాడు. పిల్ల ఆమె భుజం మీద మంచి నిద్రలో ఉంది.

"ఆగయ్యా, లేపుత," అని ఆమె పిల్ల బుగ్గ తట్టబోయింది.

"వద్దు, లేపకు," అన్నాడు కరుణాకర్. "లేసిందంటే కొత్తోణ్ణి జూసి ఏడుస్తది."

అక్షిత పిల్ల ముఖాన్ని తెర వైపు తిప్పి పట్టుకుంది. అక్కడ తన వెనక నుంచి ఎవరో పనికి కేకేసేదాకా అతను చూస్తూనే ఉన్నాడు.