సగంలో ఆగిన పండుగ

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు చిన్నప్పటినుంచీ చిరాకు. మా నిజామాబాద్ వైపు పల్లెల్లో ఎవరికైనా గాలి సోకిందంటే, ముందు జ్వరం చూడండని అరిచేది నేనే. ఇప్పుడూ అదే అంటాను. కాబట్టి కింద రాసింది చదివి నన్ను ఆ జాబితాలో కలపకండి. చూసింది రాస్తున్నాను, విన్నది రాస్తున్నాను. నేను చేసింది కూడా రాస్తున్నాను. కష్టంగా ఉన్నది అదొక్కటే.

గల్ఫ్ యుద్ధం మొదలైన చలికాలంలో నేను రియాద్‌లో ఉన్నాను. అక్కడి మలాజ్ పేటలో ఒక పాత విల్లా. నీళ్ల పైపులైన్లు వేసే ఒక జపాన్ కంపెనీ తన ఇంజనీర్ల కోసం దాన్ని అద్దెకు తీసుకుంది. నేను అక్కడ వంటవాణ్ణి. మా అక్క భర్త గంగారాం బావ అదే ఇంట్లో ఊడ్చేవాడు, మొక్కలకు నీళ్లు పెట్టేవాడు, నల్లాలూ తలుపులూ బాగుచేసేవాడు. నాకు ఆ వీసా తెప్పించింది ఆయనే.

బావ గురించి ఒక మాట చెప్పాలి. ఆయన ఎక్కడ కూర్చుంటే అక్కడ మనుషులు చేరేవారు. ఊళ్లో ఉన్నప్పుడు భాగోతాల్లో రాక్షస వేషాలు వేసేవాడు. మలాజ్‌లో పాకిస్తానీ డ్రైవర్లు, పక్క విల్లా వాచ్‌మన్ ఆయన చుట్టూనే ఉండేవారు, చివరికి గోడమీది పిల్లి కూడా. ఆయనంటే గిట్టని మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు.

యుద్ధం మొదలవుతూనే ఆరుగురు ఇంజనీర్లలో నలుగురు వెళ్లిపోయారు. అరవైకి దగ్గర పడ్డ మోరి సారు, ఇంకో చిన్న సారు మిగిలారు. క్షిపణుల్లో విషవాయువు ఉంటుందని అందరికీ భయం. కింది అంతస్తులో కిటికీ లేని ఒక గదిని ప్లాస్టిక్ పట్టాలతో, టేపుతో మూసి పెట్టాం. సైరన్ మోగితే అందులోకి వెళ్లి తలుపు సందులకు టేపు వేసుకోవాలి, ఆ తర్వాత ఎవరు పిలిచినా తెరవకూడదు. గ్యాస్ మాస్కులు మూడే వచ్చాయి. నాలుగోది వస్తుందన్నారు, రాలేదు. తడి తువ్వాలు చాలని బావ నవ్వేశాడు.

ఫిబ్రవరి మొదట్లో ఒక పొద్దున మోరి సారు నన్ను పిలిచి శనగలు బాగా వేయించమన్నాడు. ఆ రోజు వాళ్ల దేశంలో సెత్సుబున్ అట. వాళ్ల పాత లెక్కలో మర్నాడు వసంతం మొదలవుతుంది. ఒక కాలం పోయి ఇంకో కాలం వచ్చే ఆ పూట దేవుళ్లూ దుష్టశక్తులూ అందరూ ఇళ్ల గుమ్మాల దగ్గర గుమిగూడతారని ఆయన వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాడు. ఒకరు రాక్షసుడి ముఖం పెట్టుకోవాలి. ఇంట్లోవాళ్లు గింజలు విసురుతూ 'రాక్షసులు బయటికి' అని తరిమేయాలి. వెంటనే లోపలివైపు తిరిగి గింజలు చల్లుతూ 'భాగ్యం లోపలికి' అని పిలవాలి. రెండూ చేస్తేనే పండుగ. వాళ్లు వాడే సోయా గింజలు దొరకలేదు కాబట్టి శనగలు.

ఏటా ఆ వేషం వేసే ఇంజనీరు జపాన్ వెళ్లిపోయాడు. ఆ కాగితపు ఎర్ర ముఖం మోరి సారు నా చేతిలో పెట్టాడు. మొహం మీద గింజలతో కొట్టించుకోవడానికా నేను ఇంత దూరం వచ్చింది అనిపించి, దాన్ని తీసుకెళ్లి బావకు ఇచ్చాను. ఆయనకు మహా సరదా అయింది.

"రాక్షసుని ఏశం నాకు కొత్తనా లింగం? తే ఇటు."

చేతులకు ఎర్ర గుడ్డ చుట్టుకోవాలని తన వెండి కడెం తీసి వంటింట్లో నల్లా పక్కన పెట్టాడు. అది మొక్కు కడెం, స్నానానికి కూడా తీసేవాడు కాదు. పెట్టడం నేను చూశాను.

రాత్రిళ్లు దీపాలు ఆర్పేయాలి కనుక సాయంత్రం నాలుగింటికే మొదలుపెట్టాం. వేరే మతాల పండుగలు ఆ దేశంలో బయటికి తెలియకూడదు, అందుకని పరదాలు వేశాం. మోరి సారు నాకూ ఒక గుప్పెడు శనగలు ఇచ్చాడు.

వాళ్ల పద్ధతిలో రాక్షసుడు రెండు గుప్పెళ్లు పడగానే పారిపోవాలి. మా భాగోతంలో రాక్షసుడు అంత తేలిగ్గా పోడు. తొడ చరుస్తాడు, పద్యం ఎత్తుకుంటాడు, నన్ను తరిమే మొనగాడెవడని సవాలు చేస్తాడు. బావ అదే చేశాడు. హాలంతా కలియతిరిగి గెంతాడు. చిన్న సారు కళ్లలో నీళ్లు వచ్చేలా నవ్వాడు. మోరి సారు కూడా మొదట నవ్వాడు, తర్వాత ఆపేశాడు. ఇక చాలు, బయటికి పొమ్మని చేత్తో తలుపు చూపించాడు. బావ ఇంకా ఎక్కువ చేశాడు. చివరికి ముగ్గురం కలిసి శనగలు గట్టిగా విసిరితే వెనక్కి నడుస్తూ, పద్యం పాడుతూ వాకిలి దాటాడు. ఇనుప గేటు తీసుకుని రోడ్డు మీదికి వెళ్లాడు. నేను ఇంటి తలుపు వేసి గడియ పెట్టాను.

మోరి సారు లోపలివైపు తిరిగి గుప్పెడు తీసుకున్నాడు. నోరు తెరిచాడు. అప్పుడే సైరన్ మోగింది.

అప్పటిదాకా రాత్రిళ్లే మోగేది. వెలుగుండగా మోగేసరికి ముగ్గురికీ బుర్ర పనిచేయలేదు. గదిలోకి పరుగెత్తి, తలుపు మూసి, టేపు వేసి, మాస్కులు తగిలించుకున్నాక నాకు బావ గుర్తొచ్చాడు.

నిమిషం గడవకముందే ఆ గది తలుపు చప్పుడైంది. అరచేత్తో రెండు దెబ్బలు, ఆ వెంటనే కడెం చెక్కకు తగిలిన టిక్కుమన్న చప్పుడు. బావ ఎప్పుడూ తలుపు కొట్టే తీరే అది. మళ్లీ రెండు, మళ్లీ టిక్కు. నేను లేచాను. చిన్న సారు నా చెయ్యి పట్టుకున్నాడు. మోరి సారు తల దించుకున్నాడు. నేను గట్టిగా లాక్కుంటే చెయ్యి వచ్చేదే. లాక్కోలేదు. చాలాసేపు కొట్టి ఆ చప్పుడు ఆగిపోయింది.

అరగంటకు ప్రమాదం లేదన్న సైరన్ వచ్చింది. పొరపాటున మోగిందని తర్వాత అన్నారు. టేపు చింపి బయటికి వస్తే హాల్లో ఎవరూ లేరు. వీధి తలుపు గడియ నేను పెట్టినది పెట్టినట్టే ఉంది. వంటింటి వెనక తలుపూ లోపల గడియే. కడెం నల్లా పక్కన, నీటి చుక్కలతో, అక్కడే ఉంది.

బావ గేటు బయట కాలిబాట అంచున కూర్చుని ఉన్నాడు. ముఖం తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. నేను క్షమించమని మొదలుపెడితే ఆయనకు అర్థమే కాలేదు.

"తలుపు నేనెక్కడ కొట్టిన? గేటు దాటంగనే ఈడ కూసున్న."

"ఒక్కనివే ఉన్నవా?"

"ఒక్కన్నెందుకుంట? మస్తు మంది ఉండిరి. అందర్ని ఎవరో ఒకరు ఎల్లగొట్టినట్టే ఉన్నది. కొందరైతే దేవుళ్ల లెక్క ఉండిరి లింగం. లోపలికి ఎవరన్న పిలుస్తరేమోనని మన ఇంటి దిక్కే చూసుకుంట నిలబడ్డరు. నన్ను మంచిగనే చూసిండ్రు."

ఆ మధ్యాహ్నమే చినుకులు పడ్డాయి. గేటు ముందు తడి ఇసుక మీద బావ చెప్పుల గుర్తులు తప్ప ఇంకేమీ లేవు. భయంతో ఆయనకు మతి చలించిందనుకున్నాను.

నన్ను నిజంగా వణికించింది ఆ చప్పుడు కాదు, ఆ తర్వాత జరిగింది.

ఆ సాయంత్రం బావ ఎప్పటిలాగే నా పక్కన కూర్చుని అన్నం తింటున్నాడు. ఉన్నట్టుండి ఆయన మీద నాకు కోపం వచ్చింది. మామూలు కోపం కాదు. ఆయన నమిలే చప్పుడు భరించలేకపోయాను. ఇంట్లోంచి పొమ్మని అరవాలనిపించింది. నన్ను తలుపవతల వదిలేశారని ఆయన నామీద కోప్పడాలి గానీ, నాకెందుకు? సిగ్గేసి కంచం తీసుకుని లేచిపోయాను.

మర్నాడు పిల్లి ఆయన్ని చూసి వెంట్రుకలు నిక్కబొడుచుకుంది. ఆయనకు సిగరెట్లు ఇచ్చే చిన్న సారు, ఇతను ఇంకా ఇక్కడెందుకున్నాడని ఆయన ముందే నన్ను అడిగాడు. డ్రైవర్లు టీకి పిలవడం మానేశారు. విచిత్రమేమిటంటే బావ ఎక్కడైనా ఆరుబయట ఉన్నంతసేపూ అందరూ బాగానే మాట్లాడేవారు. గడప దాటి లోపలికి వస్తే చాలు, మొహాలు మారిపోయేవి. నా మొహం కూడా.

నాలుగో రోజో ఐదో రోజో మోరి సారు నన్ను వంటింట్లో పట్టుకున్నాడు. పండుగ సగమే అయింది, తరమడం అయింది, పిలవడం కాలేదు, అన్నాడు. అతన్ని తరిమినవాళ్లలో ఎవరో ఒకరు మళ్లీ నాలుగింటికి గింజలు చల్లి లోపలికి పిలవాలి. తాను ఒకసారి ప్రయత్నించాడట, నోట్లోంచి మాట రాలేదట. నువ్వు అతని మనిషివి, నువ్వు పిలువు, అని చేతులు జోడించినంత పని చేశాడు.

ముసలాయన చాదస్తం అనుకున్నాను. అది సాకు. నిజం ఏమిటంటే బావను లోపలికి పిలవడం నాకు ఇష్టం లేదు. నాకు దారి చూపిన మనిషి, మా అక్క మొగుడు, ఆయన్ని కంటిముందు నుంచి తప్పించాలని నాకు ఉంది. ఆ వారంలోనే చిన్న సారు దగ్గరికి వెళ్లి, బావకు కట్టడం పని బాగా వచ్చు, దక్షిణాన ఖమీస్ ముషైత్ ఊళ్లో ఉన్న మన సైటుకు పంపండి అని నేనే చెప్పాను. బ్యాగు భుజానికి వేసుకుని వెళ్తూ బావ నాకేసి చూశాడు.

ఖమీస్ క్యాంపులో మనవాళ్లే ఎనిమిదిమంది ఉండేవారు. రెండు నెలలు తిరక్కుండా ఆయన మంచాన్ని గది బయట పెట్టేశారని కబురొచ్చింది. కారణం అడిగితే ఎవరూ చెప్పలేకపోయారు. యుద్ధం అయిపోయింది, వెళ్లిపోయిన ఇంజనీర్లు తిరిగొచ్చారు, మోరి సారు రిటైరై తన దేశం వెళ్లాడు. బావను పనిలోంచి తీసేసి, వీసా మీద ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపించేశారు.

ఇంకో ఏడాదికి అక్క మాటలు నింపిన క్యాసెట్ ఒకటి ఊరివాళ్లతో పంపింది. విల్లాలో నా గదిలో దాన్ని ఒక్కణ్ణే పెట్టుకుని విన్నాను.

"లింగం, మీ బావ నన్ను ఒక్క మాట అనలే. గని ఇంట్ల కాలు పెడితే నాకు ఒళ్లు మండుతది. బయట మంచమేసి ఆన్నే తిండి పెడుతున్న. ఎందుకు చేస్తున్ననో నాకే ఎరుకలేదురా. నువ్వు వచ్చి ఏదన్న చెయ్యి."

అక్క ఎరగని సంగతి నాకు తెలుసు. వెంటనే సెలవు అడిగితే, వంటకు వేరే మనిషి దొరికాక ఇచ్చారు.

అక్క ఇంటి ముందు నులకమంచం మీద బావ కూర్చుని ఉన్నాడు. బాగా చిక్కిపోయాడు. నన్ను చూసి ఎప్పటిలాగే నవ్వాడు, ఆరుబయట కాబట్టి నేనూ ఆయన్ని కావలించుకుని ఏడ్చాను. జరిగిందంతా చెప్పాను. ముఖం పెట్టుకోవాల్సింది నేనని, ఖమీస్‌కు పంపించింది నేనని, పిలవాల్సిన మాట తెలిసీ పిలవలేదని. ఆయన విని, "ఇప్పుడు పిలువు మరి" అన్నాడు, అంతే.

అక్క పొయ్యి మీద శనగలు నేనే వేయించాను. నాలుగు అయింది. తలుపు బార్లా తీసి, లోపలివైపు తిరిగి ఒక గుప్పెడు చల్లి, "లోపలికి రా బావా" అన్నాను. మాట స్పష్టంగానే వచ్చింది. ఆయన చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని, గడప మీద కుడికాలు పెట్టాడు. మొహం నిండా సంతోషం.

ఆ మొహం చూస్తూ ఉండగానే నాలో ఏదో భగ్గుమంది. చేతిలో మిగిలిన శనగలు శక్తికొద్దీ ఆ మొహం మీద కొట్టాను. "బయటికి నడువ్" అన్న గొంతు నాదే. తలుపు వేసి గడియ పెట్టాను. వెనక నిలబడ్డ అక్క నన్ను ఆపలేదు.

తలుపు చప్పుడైంది. అరచేత్తో రెండు దెబ్బలు, ఆ వెంటనే కడెం టిక్కుమన్న చప్పుడు.

మలాజ్‌లో టేపు వేసిన గదిలో, గ్యాస్ మాస్కు లోపల చెమటతో నేను విన్న చప్పుడు సరిగ్గా ఇదే. ఆనాడు బావ తలుపు ముట్టలేదు, కడెం నల్లా పక్కన ఉంది. ఈనాడు కడెం ఆయన చేతికే ఉంది. అప్పుడు నా చెయ్యి పట్టుకోవడానికి చిన్న సారు ఉన్నాడు. ఇప్పుడు ఎవరూ పట్టుకోలేదు. అయినా తీయలేదు.

చప్పుడు ఆగాక కోపం ఒక్కసారిగా దిగిపోయింది. అక్కకూ అంతే. ఇద్దరం ఒకరి మీద ఒకరు పడుతూ తలుపు తీశాం. మంచం ఉంది, చెప్పులు ఉన్నాయి, బావ లేడు. ఊళ్లూ బస్టాండ్లూ వెతికాం, పోలీసులకు చెప్పాం. ఇన్నేళ్లలో ఎక్కడా కనిపించలేదు.

ఆ చప్పుడు రెండేళ్ల ముందే మలాజ్‌లో ఎలా వినిపించిందో నాకు తెలియదు. ఆ కోపం గేటు బయటి వాళ్లు నాలో పెట్టిందో, మొదటినుంచీ నాలోనే ఉందో, అదీ తెలియదు. నాది కాదని చెప్పుకోవడానికే ఇదంతా రాశానేమో. చెప్పులు మాత్రం ఆ రోజే తీసి గడప లోపల పెట్టాం. అక్క వాటిని రోజూ తుడుస్తుంది.