బ్యాటరీ తీసేసిన లాప్‌టాప్

దయ్యాల కథలు చెప్పేవాళ్లంటే నాకు భయం కాదు, చిరాకు. ఏది ఆగినా, ఏది నడిచినా దానికో కారణం ఉంటుందని నమ్మేవాణ్ణి. ఇప్పటికీ అదే నమ్ముతాను. ఒక్క మధ్యాహ్నం మాత్రం నా లెక్కకు అందడం లేదు.

2000ల మధ్యలో బోధన్‌లో నాకు చిన్న కంప్యూటర్ సెంటర్ ఉండేది. బీడీ కార్మికుల గుర్తింపు కార్డుల కోసం పేర్లు, ఫొటోలు నా పాత లాప్‌టాప్‌లో ఎక్కించే పని ఒప్పుకున్నాను. ఆ రోజే గడువు. మూడు గంటల బస్సుకు బీడీ కార్మికుల సంఘం మనిషి ఆ ఫైలు తీసుకుని నిజామాబాద్ వెళ్లాలి.

ముందు రోజే లాప్‌టాప్‌లోని లినక్స్‌కు కొత్త కెర్నెల్, అంటే మెషిన్ మొత్తాన్ని నడిపే మూల ప్రోగ్రాం, వేశాను. కొరివితో తల గోక్కోవడమంటే అదే. కరెంటు ఆదా కోసం ప్రాసెసర్ ఖాళీగా ఉన్నప్పుడు వేగం తగ్గించుకుంటుంది, పని పడగానే పెంచుకోవాలి. నాది తగ్గిందే కానీ పెరగలేదు. ఒక్కో ఫొటోకు ఐదు నిమిషాలు. సెట్టింగులన్నీ మార్చి చూశాను. పాత కెర్నెల్‌కు వెళదామంటే, డిస్కులో జాగా చాలదని దాన్ని నేనే తీసేశాను. బ్యాటరీ మీద నడుస్తున్నాననుకుని నెమ్మదిస్తోందేమోనని చివరికి బ్యాటరీ కూడా పీకి బల్ల మీద పెట్టి, నేరుగా ప్లగ్గు కరెంటు మీదే నడిపాను. ఏమీ మారలేదు. కీబోర్డు పగలగొట్టాలన్నంత కోపం వచ్చింది.

ఆఖరి పేరు రెంజల్ నుంచి వచ్చిన సాయవ్వది. ఆ కార్డుంటేనే ఆమెకు కంటి ఆపరేషన్ ఉచితం. చూపు దాదాపు పోయింది. నా ఎదురుగా కూర్చుని, చాట ఒళ్లో పెట్టుకుని, తడుముకుంటూనే బీడీలు చుడుతోంది.

రెండున్నర అయింది. ఉన్నట్టుండి లాప్‌టాప్ పరుగందుకుంది. ప్రాసెసర్ పూర్తి వేగం చూపిస్తోంది. ఇప్పుడా దీనికి బుద్ధొచ్చింది అని తిట్టుకుంటూ సాయవ్వ ఫొటో ఎక్కించాను.

"బిడ్డా, పంకా గాలి ఆగింది. కరెంటు పోయినట్టుంది గదా," అంది సాయవ్వ.

తలెత్తి చూశాను. ఫ్యాను ఆగిపోయింది. ఎదురుగా జిరాక్సు షాపులో మెషిన్ కూడా ఆగింది. నాకు ఇన్వర్టర్ లేదు. బ్యాటరీ బల్ల మీదే ఉంది. నిజం చెప్పాలంటే భయమేసింది. గబగబా ఫైలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి బయటికి లాగాను. అప్పుడు తెర నల్లబడింది.

ఫైలు బస్సెక్కింది. మర్నాడు కరెంటాఫీసులో అడిగితే, రెండున్నరకు పోయిన కరెంటు మూడున్నరకు వచ్చిందన్నారు. ఫైలు మీద ఉన్న సమయం రెండు నలభై. ఆ తర్వాత బ్యాటరీ తీసి ఎన్నిసార్లు ప్లగ్గు పీకి చూశానో. పీకిన క్షణమే చచ్చేది.

ఆపరేషన్ అయ్యాక సాయవ్వ నల్ల కళ్లద్దాలు పెట్టుకుని వచ్చింది. ఆ రోజు ఏం జరిగి ఉంటుందంటావని ఆమెనే అడిగాను.

"నా పేరు ఎక్కింది గదా బిడ్డా. ఇంక దాన్నేమడుగుతవ్," అంది.

ఆమెకు అంతే చాలింది. నాకు చాలడం లేదు. ఇన్నేళ్లయినా అడుగుతూనే ఉన్నాను.