వెండి రెక్క మీద నల్ల పోగు

యుద్ధవిమానం బొమ్మకు వెండి రంగు వేయడమంటే నాకు మొదటినుంచీ భయమే. బూడిద రంగో, ఆకుపచ్చ మచ్చలో అయితే చిన్నాచితకా తప్పులు వాటిలో కలిసిపోతాయి. వెండి అట్లా కాదు, చాడీలు చెప్పే పొరుగింటావిడ లాంటిది. కింద ఏ గీత ఉన్నా, ఏ దుమ్ము ఉన్నా ఊరందరికీ చూపిస్తుంది. అందులోనూ మాది ఆదోని. పత్తి సీజన్ వచ్చిందంటే జిన్నింగు మిల్లుల నుంచి లేచిన దూది గాలిలో తేలుతూనే ఉంటుంది. తడి రంగు ఎక్కడుందా అని వెతుక్కుంటూ వచ్చి మరీ వాలుతుంది.

నాది వాచీలు బాగుచేసే అంగడి. ఇరవై ఏళ్ళకు పైగా కుడి కంటికి భూతద్దం బిగించుకుని, ఎడమ కన్ను మూసుకుని బతికినవాణ్ణి. మా నాయన ఎమ్మిగనూరులో మగ్గం నేసేవాడు. ఆ మగ్గం గుంటలో కాళ్ళు పెట్టనని మొండికేసి నేను వాచీల్లో పడ్డాను. జెట్ విమానాల బొమ్మల పిచ్చి ఎప్పుడు అంటుకుందో చెప్పలేను. పెట్టెలో ప్లాస్టిక్ ముక్కలు వస్తాయి. వాటిని అతికించి, అతుకులు గీకి, నునుపు చేసి, రంగు కొట్టి, నీళ్ళలో నానబెట్టిన స్టిక్కర్లు అంటిస్తే అరచేతిలో విమానం నిలబడుతుంది. "ఈ వయసులో బొమ్మలాటేందయ్యా నీకు" అని నా భార్య ఎగతాళి చేస్తుంది గానీ, దుమ్ము తుడిచేది ఆమే.

పోయిన పత్తి సీజన్లో ఒక మిగ్ ఇరవై ఒకటి బొమ్మ మొదలుపెట్టాను. ముందు నిగనిగలాడే నల్లరంగు వేసి, అది ఆరాక దాని మీద వెండి పలుచగా పిచికారీ చేయాలి. మిద్దె మీది గదిలో కిటికీలు మూసి, నేల తడిపి, గుమ్మానికి తడి దుప్పటి కట్టి పనిలోకి దిగాను. ఆదివారం మధ్యాహ్నానికి వెండి పడింది. నా పని నాకే ముద్దొచ్చింది. భూతద్దం పెట్టుకుని ఎడమ రెక్క చూశాను. రెక్క మధ్యలో ఒక పోగు.

అంత జాగ్రత్త పడ్డాక కూడా! ఒళ్ళు మండిపోయింది. వాచీలకు వాడే సన్న పట్టకారు లాంటి చిమటా తీసుకుని పట్టబోతే అందలేదు. రెండోసారి చిమటా మొన రంగులో దిగి గీత పడింది. పోగు మాత్రం పక్కకు జరిగి కూర్చుంది. "దూది, దూది! ఈ మిల్లోళ్ళ మీద కంప్లైంటు ఇస్తా" అని మిద్దె దిగి అరిచాను. నా భార్య నా మొహం వంక కాసేపు చూసి అన్నం పెట్టింది.

గీత పడిన చోట సానబట్టి, మళ్ళీ నలుపు, మళ్ళీ వెండి వేశాను. మళ్ళీ పోగు. అదే వంకర, అదే పొడవు. మూడోసారి వేశాను. మళ్ళీ అదే.

ఐదో రోజు ఆ పోగు వెంట చిమటాతో పడి తిరుగుతుంటే ఒక మాట తట్టింది. దూది తెల్లగా ఉంటుంది కదా. ఇది నల్లగా ఉందేమిటి?

చెయ్యి ఆగిపోయింది. భూతద్దం తీసి సున్నం కొట్టిన గోడ వైపు చూశాను. పోగు గోడ మీద ఉంది. పైకప్పు వైపు చూశాను. అక్కడికీ వచ్చింది. కుడి కన్ను మూశాను. లేదు.

పోగు ఉన్నది నా కంట్లోనే. నాకు షుగరు వచ్చి చాన్నాళ్ళయింది. మాత్రలు గుర్తొచ్చినప్పుడు వేసుకునేవాణ్ణి. మా నాయనకూ షుగరే. చివరి ఏళ్ళలో చూపు లేక, గోడకు ఆనుకుని కూర్చుని, ఇంకొకరు నేస్తుంటే మగ్గం చప్పుడు వింటూ గడిపాడు. అంతా నేను కళ్ళారా చూసిందే. అట్లాంటివాడు ఏం చేయాలి? ఆ పూటే డాక్టరు దగ్గరికి పరిగెత్తాలి. నేను మాత్రం పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, ఇంకో పొర వెండి వేశాను. డాక్టరు నోట వినేదాకా అది దూదే అని నాకు నేను చెప్పుకోవచ్చు కదా.

తొమ్మిదో రోజు అంగడిలో ఒక వాచీ విప్పాను. లోపల పోగు ఒకటి కాదు, సాలెగూడే ఉంది. నలుసంత స్క్రూ చేజారి కింద పడింది. వెతుకుదామని నేల మీదికి వంగినవాణ్ణి, పైకి లేచే ధైర్యం లేక బల్ల కిందనే కూర్చుండిపోయాను. కన్ను పోయిన వాచీ మెకానిక్కు చేతికి ఎవరు వాచీ ఇస్తారు? నాకు వచ్చిన విద్య అదొక్కటే. పైన కస్టమరు "అన్నా, ఉండావా?" అని పిలుస్తున్నాడు.

మర్నాడు, వాచీ సామాను తేవాలని ఇంట్లో అబద్ధం చెప్పి కర్నూలు బస్సెక్కాను. కంటాసుపత్రికి పోవాలనే. ఎమ్మిగనూరులో బస్సు ఆగేసరికి భయం నన్ను కిందికి దింపేసింది. తిన్నగా మా అక్క ఇంటికి పోయాను. నాయన మగ్గం మీద ఆమే ఇప్పటికీ నేస్తుంది.

"ఏమిరా, సెప్పా పెట్టకుండా వచ్చినావు?" అని గుంటలోనుంచే అడిగింది.

"ఊరికే."

"ఊరికే వచ్చిన మొగమేనా అది?"

మగ్గం మీద తెల్లని పడుగు నూలు పరుచుకుని ఉంది. చూడగానే నా నల్ల పోగులన్నీ వచ్చి దాని మీద వాలాయి. తెలియకుండానే చేత్తో తుడవబోయాను. అక్క నా మణికట్టు పట్టుకుంది.

"ఆడ ఏముందని తుడస్తాండావు?"

"దూది."

అక్క పడుగు చూసింది, నా కళ్ళు చూసింది. "నాయన గూడా ఇట్లనే సేసినాడురా. మురికి నూలు ఇస్తాండారని ఆర్నెల్లు అందరితో కొట్లాడినాడు. నూలు తెల్లగానే ఉండె. సుట్టింది నేనే కదా, నాకు తెల్దా?"

ఆ సంగతి నాకెవరూ చెప్పలేదు. ఆడలేక మద్దెల ఓడన్న సామెత మా ఇంటి కోసమే పుట్టినట్టుంది. ఏడుపు ఆగలేదు. అక్క మగ్గం దిగి, చీర మార్చుకుని, తాళం వేసి, నా రెక్క పట్టుకుని బస్సెక్కించింది. దారి పొడవునా చెయ్యి వదల్లేదు. నాకు యాభై దాటాయి. అయినా వదలమని అనలేదు.

కర్నూలులో డాక్టరమ్మ చుక్కలు వేసి, వెలుతురు పెట్టి, రెండు కళ్ళూ చాలాసేపు చూసింది. కుడి కంటి లోపల సన్న రక్తనాళాలు చిట్లి రక్తం కారిందంది. ఎన్నాళ్ళయిందని అడిగితే పది రోజులన్నాను.

"మొదటి రోజే వచ్చి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు. ఎడమ కంట్లో కూడా మొదలైంది, దాన్ని లేజరుతో కాపాడుకుందాం. కుడి కంట్లో ఎంత చూపు మిగులుతుందో ఇప్పుడే చెప్పలేను" అంది.

బయట బెంచీ మీద కూర్చున్నాను. చుక్కల వల్ల మనుషులు రంగు మరకల్లా కదులుతున్నారు. "ఇంట్లో సెప్పద్దక్కా" అని బతిమాలాను. అక్క వినలేదు. ఫోను కలిపి నా చెవికి ఆనించింది.

"యాడుండావు?" నా భార్య గొంతు.

చెప్పాను. పోగు సంగతీ, అబద్ధం సంగతీ, డాక్టరమ్మ అన్నదీ అంతా చెప్పాను. అరుస్తుందనుకున్నాను.

"నాకు తెలుసు" అంది.

"ఏం తెలుసు?"

"మొదటి దినం నువ్వు దూది, దూది అని అరిసినావే. మర్సనాడు నువ్వు అంగడికి పోయినాక పైకి పోయి సూస్తి. నువ్వు గీసిన గీత తప్ప ఆ రెక్క అద్దం మాదిరి ఉండె. దూదీ లేదు, ఏమీ లేదు. దినామూ పోయి సూస్తాంటి. ఈ పొద్దన్నా ఒక్క పోగు కనపడితే బాగుండునని ఎతుకుతాంటి."

"మరి నన్ను అడగలేదేమి?"

"కంట్లో ఏమన్నా అయిందా అంటే నువ్వు అవునంటావేమో అని బయమేసింది."

నాకు కోపం రావాలి. పది రోజులు పోయాయి కదా. రాలేదు. ఆ గదిలో నేను లేని దూదిని ఏరుతుంటే, నా వెనకాలే వచ్చి ఆమె కూడా అదే దూది కోసం వెతికింది. ఆమెకు రెండు కళ్ళూ బాగా కనిపిస్తాయి.

"నేనొస్తాండా. నువ్వు ఆడ్నే కూసో, కదలద్దు" అంది. నేను రెండు చేతులతో బెంచీ అంచు పట్టుకుని కూర్చున్నాను.