నీలం తలుపు దగ్గర శౌరమ్మ చెప్పిన మాట

శౌరమ్మ కళ్ళు మూసుకుంటే చీకటి తప్ప ఏమీ కనపడేది కాదు. మనలాంటి వాళ్ళకైతే అదొక లోపమే కాదు, మూసుకున్నామంటే నిద్రపోవడానికేగా. కానీ నరసరావుపేటలో ఆమె చేరిన సువార్త శిక్షణలో మాత్రం అది చెప్పుకోలేని లోటు.

ఎనభై నాలుగో, ఎనభై ఐదో, ఆ మధ్య సంగతి. శౌరమ్మది పెదకూరపాడు పక్క పల్లె. మొగుడు పాము కరిచి పోయాక మిరప కల్లాల్లో తాలుకాయలు ఏరుకుంటూ బతికింది. కారం ఘాటుకి కళ్ళెప్పుడూ ఎర్రగా ఉండేవి. అది చూసి ఊళ్ళో వాళ్ళు ఏడుస్తోందనుకునేవాళ్ళు, ఆమె మాత్రం సన్నగా పాటలు పాడుకుంటూ ఉండేది. ఆ గొంతు విని నరసింహారావు పాస్టరుగారు శిక్షణకి పిలిచాడు. పాస్టరై ఉండి ఆ పేరేంటని ఎవరైనా అడిగితే, "నేనెవరో దేవుడికి తెలుసు. పేరు రేషన్ కార్డు వాళ్ళ కోసం" అనేవాడాయన.

వెళ్ళేటప్పుడు అత్తతో గట్టిగా చెప్పి వెళ్ళింది శౌరమ్మ, తెల్లచీర కట్టుకుని ఊరూరా వాక్యం చెప్పే బైబిలమ్మగా తిరిగొస్తానని. అత్త నవ్వలేదు, అదే ఆమెకి ధైర్యం.

శనాదివారాలు శిక్షణ వాళ్ళంతా జట్లు జట్లుగా ఊళ్ళ మీదికి వెళ్ళేవాళ్ళు. బయల్దేరేముందు చాప మీద చుట్టూ కూర్చుని కళ్ళు మూసుకోవాలి. లోపల ఏది కనపడితే అది పైకి చెప్పాలి. ఒక రంగు కావచ్చు, చెట్టు కావచ్చు, ముఖం కావచ్చు. ఊళ్ళోకి వెళ్ళి దాన్ని వెతకాలి. ఎవరి దగ్గర అది దొరికితే వాళ్ళ కోసమే దేవుడు తమని పంపినట్టు. వాళ్ళ తల మీద చెయ్యిపెట్టి, వచ్చిన మాట చెప్పాలి. దాన్ని ప్రవచనం అనేవాళ్ళు. "చూసింది చూసినట్టు చెప్పండి, ఉప్పూకారం కలపబాకండి" అని పాస్టరుగారు ప్రతివారం హెచ్చరించేవాడు.

మాచవరం నుంచి వచ్చిన ఐజాక్‌కైతే నిన్న సినిమా చూసొచ్చినట్టు రంగులతో సహా కనపడేవి. మస్తానమ్మకీ కనపడేవి, కాకపోతే ఎప్పుడూ కోళ్ళో మేకలో. శౌరమ్మ వంతు వచ్చేసరికి అందరూ ఒక కన్ను తెరిచి చూసేవాళ్ళు.

"ఏమే శౌరమ్మా, ఇయ్యాలన్నా దీపం ఎలిగిద్దా, కరెంటు పోయినట్టేనా?" అంది మస్తానమ్మ ఆ శనివారం.

అంతకుముందు రోజే పాస్టరుగారు మెల్లగా చెప్పాడు, ఈవారం కూడా ఏమీ రాకపోతే ఇక ఊళ్ళకి పంపననీ, వంటింట్లో చెయ్యి సాయం కావాలనీ. తెల్లచీర కళ్ళముందే మసిగుడ్డ అయిపోయింది శౌరమ్మకి. అందుకని నోటికొచ్చింది చెప్పేసింది.

"నీలం తలుపు. గడప మీద మగమనిషి చెప్పులు. అప్పుడే కడిగినట్టు తడిగా ఉన్నాయి."

తడి మాట ఎందుకన్నదో ఆమెకే తెలియలేదు. పాస్టరుగారు "స్తోత్రం" అన్నాడు. మస్తానమ్మ నోరు మూసుకుంది. శౌరమ్మకి హాయిగా అనిపించింది, సిగ్గుగానూ అనిపించింది.

కారంపూడిలో బస్సు దిగి, డోలకు కొట్టి, కంజిర మోగించి బజారులో పాడారు. టీ కొట్టు దగ్గరున్న పెద్దాయన "తిరునాళ్ళకి ఇంకా టైముందిగా, మీరేంది అప్పుడే దిగారు?" అన్నాడు. ఐజాక్‌కి చేతికట్టుతో ఉన్న మనిషి కనపడ్డాడట. పంక్చర్ షాపు జిలానీ దొరికాడు. "ఈ కట్టు రేపు ఇప్పేస్తారు సామీ, ఇప్పాక నేను మీ లెక్కలోకి వస్తానా రానా?" అని అడిగాడు జిలానీ. అయినా తల వంచి చెయ్యి పెట్టించుకున్నాడు, మంచివాడు.

పొద్దు వాలుతుండగా ఊరి చివర, రాళ్ళు కొట్టేవాళ్ళ వీధిలోకి వచ్చారు. పిల్లలు లేరు, కుక్కలు లేవు. అందరూ పని నుంచి వచ్చే వేళ, వీధి సందడిగా ఉండాలి. ఎక్కడో ఒక సుత్తి మోగి ఆగిపోయింది. ఐజాక్ డోలకు మీద అరచెయ్యి ఆనించి నిలబడిపోయాడు.

నీలం తలుపు బార్లా తెరిచి ఉంది. గడప మీద మగమనిషి చెప్పుల జత. వాటినుంచి కారిన నీళ్ళు మెట్టు మీదుగా దుమ్ములోకి దిగుతున్నాయి.

శౌరమ్మ మెట్టుకి అడుగు దూరంలో ఆగిపోయింది. తను అల్లిన అబద్ధం తనకంటే ముందొచ్చి కూర్చుంది.

ఇంటి పక్కనుంచి రాములమ్మ అనే ముసలావిడ వచ్చింది. ఎదురుచూస్తున్న చుట్టాలని చూసినట్టు చూసింది. "గడప తొక్కబాకండమ్మా. వాడొచ్చే దారది" అంది.

వాకిట్లో మంచం మీద బీడీ కాలుస్తున్న ఆమె మొగుడు పెదకోటయ్య సంగతంతా చెప్పాడు. కొడుకు బాలకోటయ్య కృష్ణ అవతల క్వారీ పనికి వెళ్ళి రాలేదు. వెళ్ళినచోట వాకబు చేస్తే అసలా పేరు గలవాడు రాలేదన్నారు. రెండు వానాకాలాలు గడిచాయి. తల్లి ప్రతి శనివారం చెప్పులు కడిగి గడప మీద పెడుతుంది. తలుపు మాత్రం వెయ్యదు, వెయ్యనివ్వదు.

"మా కోడలు చిన్నపిల్ల" అన్నాడు పెదకోటయ్య, పెరటివైపు చూపిస్తూ. అక్కడ నాగేంద్రం అనే అమ్మాయి చీపురు పట్టుకుని, ఊడ్వకుండా నిలబడి ఉంది. "మాచవరంలో సంబంధం కుదిరింది. రేపు కులపెద్దలు కూర్చుంటారు. ఈ మనువు నుంచి వదిలేస్తే మారుమనువు చేసుకుని బతికిద్ది."

"నా కొడుకు బతికుండగా ఎట్టా వదుల్తారయ్యా?" అంది రాములమ్మ. శౌరమ్మ చెయ్యి పట్టుకుని తన నెత్తిన తనే పెట్టుకుంది. "నువ్వు చెప్పమ్మా."

చెయ్యిపెట్టిన మనిషే ముందు యేసు నామం పలికి మాట్లాడాలి. శిక్షణలో పద్ధతి అది. ఆ వీధి పద్ధతి వేరు. సోది చెప్పే మనిషి కళ్ళు మూసుకోగానే, రావాల్సిన వాళ్ళని ఆ మనిషి చెవిలో పేరు పెట్టి పిలుస్తారు, పిలిస్తే వచ్చి ఆ నోటితోనే మాట్లాడతారని. శౌరమ్మ కళ్ళు మూసుకుంది. ఆమె నోరు తెరిచేలోపే రాములమ్మ శౌరమ్మ చెవి దగ్గరకొచ్చి, "కోటీ, ఒరే కోటీ" అని పిలిచింది. శౌరమ్మ వెంటనే వెనక్కి జరగాల్సింది. జరగలేదు.

ఎప్పుడూ ఉండే చీకటే. కానీ ఆ రోజు అందులో ఎవరో అంతదాకా కూర్చుని ఉన్నట్టూ, పిలుపు విని లేచినట్టూ అనిపించింది. నోరు తనంతట తనే కదిలింది.

"త... త... తలుపు తీసుంచమ్మా. వ... వస్తన్నా."

పెదకోటయ్య బీడీ కింద పడింది. దాన్ని కాలితో నలుపుతూ అన్నాడు, "మావాడికి నత్తి. ఈమెకెవరు చెప్పారు?"

ఐజాక్ ఆ వీధంతా స్తోత్రాలు చెప్పుకుంటూ నడిచాడు. మస్తానమ్మ శౌరమ్మ సంచీ తను మోసింది. శౌరమ్మ దారిపొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడితే ఎవరి గొంతు వస్తుందోనని.

రాత్రికి ఆ ఊళ్ళోనే ఉండిపోయారు. ఆదివారం పొద్దున్నే శౌరమ్మ బోరింగు దగ్గర ముఖం కడుక్కుంటుంటే నాగేంద్రం బిందెతో వచ్చింది. బిందె పెట్టింది గానీ పంపు కొట్టలేదు.

"అక్కా, మా అత్త రాత్రి నుంచి అన్నం రెండు కంచాల్లో పెడతంది. పెద్దోళ్ళకి కబురు పంపింది, కొడుకు వస్తన్నాడు, పిల్లని వదిలేది లేదని."

శౌరమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది.

"వస్తే రానీ. నాకేం పగోడు కాడు, మంచోడే. కానీ తలుపెదురుగా కూర్చుని కూర్చుని నేనూ ఒక గుంజనై పోయానక్కా. వానొస్తే తడుస్తా, చలొస్తే వణుకుతా, మూసేది లేదు. ఇయ్యాలతో అయిపోయిద్దనుకున్నా." నాగేంద్రం అప్పుడు తలెత్తి చూసింది. "నీకు నిజంగా కనపడ్డాడా?"

కనపడ్డాడనీ, కనపడలేదనీ అనలేని ప్రశ్న అది. శౌరమ్మకి తెలిసింది ఒక్కటే. తన మాట వెనక్కి తీసుకుంటే ఈ పిల్ల బయటపడుతుంది, తన తెల్లచీర పోతుంది. తీసుకోకపోతే తను ప్రవక్త, ఈ పిల్ల గుంజ.

పెద్దలు నీలం తలుపు ముందే, వేపచెట్టు నీడన కూర్చున్నారు. శౌరమ్మ అటు నడుస్తుంటే ఐజాక్ అడ్డం వచ్చాడు.

"వచ్చిన ప్రవచనాన్ని వెనక్కి తీసుకుంటావా? పాస్టరుగారు ఊరుకోడు, చెప్తన్నా. దేవుడూ ఊరుకోడు."

"ఆయనతో నేను మాట్లాడుకుంటాలే అన్నా" అంది. ఎవరితో అన్నది ఐజాక్‌కి అర్థంకాలేదు.

పెద్దల ముందు నిలబడి చెప్పేసింది. తనకి ఏ దర్శనమూ రాలేదనీ, వంటింటికి పంపుతారన్న భయంతో తలుపూ చెప్పులూ తనే కల్పించాననీ.

"తలుపు సరేనమ్మా" అన్నాడు పెద్దల్లో ఒకడైన పెద్దన్న. "మరి ఆ నత్తి?"

అసలైన అబద్ధం అప్పుడాడాల్సి వచ్చింది. "టీ కొట్టు దగ్గర" అని మొదలుపెట్టింది. నాలుక మొద్దుబారింది. లోపల్నుంచి ఎవరో మొదటి అక్షరాన్ని పట్టుకుని లాగుతున్నారు. పళ్ళు బిగించి, ఒక్కో మాటా నేలమీద రాయి పేర్చినట్టు పేర్చింది. "టీ కొట్టు దగ్గర... అనుకుంటుంటే... విన్నా. విని... అట్టా పలికా."

మస్తానమ్మ ఆమె పక్కనే ఉంది, టీ కొట్టు దగ్గరా పక్కనే ఉంది. అక్కడ ఎవరూ ఏమీ అనుకోలేదని ఆమెకి తెలుసు. శౌరమ్మ ముఖం చూసి, అర అడుగు దూరం జరిగింది.

పెద్దలు కాసేపు గుసగుసలాడుకుని నాగేంద్రాన్ని వదిలేశారు. "దేవుడి పేరు చెప్పుకుని ఇదేం పని?" అని పెద్దన్న గడ్డి పెట్టాడు. ఎవరో ఉమ్మేశారు. శౌరమ్మ అన్నీ పడింది. నాగేంద్రం మాత్రం లోపలికి వెళ్ళి గుడ్డల మూట తెచ్చుకుని, ఎవరైనా మాట మారుస్తారేమో అన్నట్టు అప్పుడే వీధి మొదట్లోకి వెళ్ళి నిలబడింది.

అందరూ లేచాక రాములమ్మ దగ్గరికొచ్చింది. కొడుతుందేమో అనుకుంది శౌరమ్మ, కొట్టినా బాగుండు అనుకుంది. ఆమె చెవి దగ్గరకి వంగి, నిన్న పిలిచిన గొంతుతోనే అంది:

"పోనిచ్చావా కోటీ ఆ పిల్లని? మంచి పని చేశావు నాయనా."

నేను కోటిని కాదమ్మా అని చెబుదామనుకుంది శౌరమ్మ. పెదవులు విడివడబోయాయి. లోపల ఆ మొదటి అక్షరం కాచుకుని ఉంది. గట్టిగా నోరు మూసుకుని, తల ఊపింది.

రాములమ్మ ఆమె బుగ్గ నిమిరి, గడప దాటకుండా పక్కనుంచి పెరట్లోకి వెళ్ళిపోయింది.